మందుల గదిలో గ్రహణం

మా అత్తమ్మకు గ్రహణాల మీద నమ్మకం లేదు. ఆ సంగతి ఆమే పనిగట్టుకొని చెబుతుంది. "మాది నాలుగు తరాల బాప్టిస్టు కుటుంబం, మాకు గ్రహణాలు, వర్జ్యాలు ఏం లేవు" అని ఉదయగిరి బస్టాండులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషికి కూడా చెప్పి వస్తుంది. అంతటి నమ్మకం లేని మనిషి, నేను ఐదో నెల కడుపుతో ఉన్నప్పుడు, క్రిస్మస్ మరుసటి రోజు పొద్దున సూర్యగ్రహణం అని తెలిసిన దగ్గర్నుంచి స్థిమితంగా కూర్చోలేదు. కేకుకు గుడ్లు కొడుతూ కూడా ఎప్పుడు పడుతుంది, ఎప్పుడు విడుస్తుంది అని టీవీ వైపే చూసింది. చర్చిలో పెద్దావిడ ఒకామెకు ఫోన్ చేసి అడిగితే, ఆమె మనకు అవేమీ లేవమ్మా అని గట్టిగా చెప్పి, ఎందుకైనా మంచిది అమ్మాయిని బయటికి రానివ్వబాకు అని ముగించిందట. మా ఇంట్లో అన్ని నమ్మకాలూ ఆ 'ఎందుకైనా మంచిది' దగ్గరికొచ్చి ఆగుతాయి.

నేను సైన్సు టీచర్ని. ఉదయగిరిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతికి గ్రహణాల పాఠం చెప్పేది నేనే. సెలవులకు ముందు వారం టార్చిలైటు, బంతి, గోళీ పట్టుకెళ్లి, ఇదంతా నీడ, నీడ ఎవరినీ ఏమీ చేయదు అని బల్ల గుద్ది చెప్పాను. ముందు బెంచీలో ఒక పిల్ల నా పొట్ట వైపు చూసి "మేడమ్, మరి ఆ రోజు మీరు బయటికొస్తారా?" అనింది. ఎందుకు రానూ అన్నాను. ఆ పిల్ల నమ్మలేదు, దాని అనుమానం సబబే. ఇంట్లో అత్తమ్మ గది చూపించగానే నోరు మూసుకొని పోయి కూర్చున్నాను. నాకూ లోపల ఎక్కడో ఎందుకైనా మంచిది అనే అనిపించింది. తెలియని వాళ్ల మీద నాకు చులకన ఎక్కువ, ఆ మాట దాచను. కానీ బీఎస్సీ, బీఎడ్ చదివి, చాప చంకన పెట్టుకొని ఆ గదిలోకి నడిచిన మనిషి మీద ఉన్నంత చులకన నాకు ఇంకెవరి మీదా లేదు.

ఆ గది గురించి చెప్పాలి. మా ఇల్లు ఉదయగిరి కొండ కనబడే ఊళ్లో, ఆత్మకూరు వైపు పోయే రోడ్డు పక్కన. వెనకాల నిమ్మతోట. ఇంట్లో అన్ని గదులకూ కిటికీలు గాని, సిమెంటు జాలీలు గాని ఉన్నాయి. గ్రహణపు వెలుతురు ఎక్కడి నుంచో ఒకచోట నుంచి కడుపు మీద పడుతుందని అత్తమ్మ భయం. చీకటిగా ఉండే గది ఇంట్లో ఒక్కటే. అది మందుల గది. తోటకు కొట్టే పురుగుమందుల డబ్బాలు, సగం వాడి మూత సరిగా బిగించనివి, పొట్లాలు, స్ప్రేయరు, మందు కలిపే బక్కెట్టు, కలిపే కర్ర, అన్నీ అందులోనే. కిటికీ పెడితే పిల్లులు దూరతాయని మా మామ కిటికీ పెట్టించలేదు.

మందు అనే మాట దగ్గరే మా వాళ్లు చెడిపోయారు అంటాను నేను. జ్వరానికి వేసుకునేదీ మందే, సారా దుకాణంలో అమ్మేదీ మందే, పురుగును చంపడానికి చెట్టు మీద కొట్టేదీ మందే. డబ్బా మీద ఎర్ర త్రికోణం, పక్కన పుర్రె బొమ్మ ఉంటాయి. అయినా దాని పేరు మందు కాబట్టి అది చెట్టుకు బలం. మా ఆయన తోటలో తిరిగొచ్చి, "చిగురుకి పురుగు పడింది, రేపు మందు ఇయ్యాల" అంటాడు, పిల్లవాడికి జ్వరమొస్తే చెంచాతో తాపే మనిషిలాగా. ఖాళీ డబ్బాల్ని మా అత్తమ్మ పారేయదు. పైన కోసి, మట్టి నింపి, పుదీనా వేస్తుంది. ఆ పుదీనా పచ్చడి చర్చి విందులకు కూడా పోతుంది.

నాకు నాలుగో నెల పడ్డాక మొదటిసారి ఆత్మకూరులో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. కాగితం మీద రాసుకుంటూ, "మందులేమైనా వాడుతున్నావా?" అని అడిగిందామె. లేదు మేడమ్ అన్నాను. నా పక్కన అత్తమ్మ చేతిలో బైబిలు సంచీతో కూర్చొని, "మా ఇంటా వంటా మందు ముట్టేవాళ్లు లేరమ్మా. మావోడు సిగరెట్టు కూడా ముట్టడు" అనింది. డాక్టరమ్మ నవ్వి, లేదు అని రాసుకుంది. ఆ గదిలో ముగ్గురం ఒకే మాట గురించి మాట్లాడుకున్నాం, రెండు సంగతులు అనుకున్నాం. మూడో సంగతి ఎవరికీ తట్టలేదు. బయట బండి దగ్గర నిలబడి ఉన్న మా ఆయన చొక్కా అంతా దాని వాసనే.

గ్రహణం రోజు పొద్దున అత్తమ్మ ఆ డబ్బాలను ఒక పక్కకు జరిపి చాప పరిచింది. నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. "కదలబాక. గోక్కోబాక. గోరు కూడా కొరకబాక" అని చెప్పి, బయట గొళ్లెం పెట్టి, తలుపు కింద సందులో పాత చీర కుక్కింది. వెలుతురు రాకుండా అన్నమాట. గాలి సంగతి ఆమెకు అవసరం లేదు. కాసేపటికి కళ్లు మండాయి, గొంతులో గరగర మొదలైంది, తల దిమ్మెక్కింది. తలుపు కొట్టాను. "ఇంకా విడవలా, ఓర్చుకో" అని అవతల నుంచి చెప్పింది. చీర ఇంకా లోపలికి కుక్కింది కూడా. కడుపులో తిప్పడం మొదలయ్యాక నేను ఓర్చుకోలేదు. తలుపును భుజంతో గుద్దితే, పాత గొళ్లెం, మేకులతో సహా ఊడొచ్చింది. పెరట్లోకి పరిగెత్తి బట్టల బండ పక్కన కూలబడి వాంతి చేసుకున్నాను.

వాంతి అయ్యాక తల ఎత్తితే ఎండ రంగు మారి ఉంది. మబ్బు లేదు, అయినా మసక. నిమ్మచెట్టు ఆకుల సందుల్లోంచి పడే వెలుగు చుక్కలు ఎప్పటిలా గుండ్రంగా లేవు. బండ మీద, నేల మీద, నా చీర మీద, పొట్ట మీద అన్నీ నెలవంకలే. వందల కొద్దీ చిన్న చిన్న నెలవంకలు. ఏడో తరగతికి ఆ సంగతి నోటితో చెప్పానే గాని ఎప్పుడూ చూడలేదు. తడి మూతి కొంగుతో తుడుచుకుంటూ, పిచ్చిదానిలా నవ్వుకుంటూ చూశాను. ఆ కొద్దిసేపు నేను సంతోషంగా ఉన్నాను. ఆ కొద్దిసేపే నా మీద కేసు.

ఏప్రిల్ నెలాఖరులో, లాక్‌డౌన్ రోజుల్లో, మా అమ్మ దగ్గర ఆత్మకూరులో కాన్పయింది. ఆడపిల్ల. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది, అంగిలి కూడా కలవలేదు. నర్సు చూసి ఒకే ఒక్క మాట అనింది, గ్రహణమొర్రి అని. ప్రపంచంలో ఇంకే జబ్బుకూ పేరులోనే తీర్పు ఇచ్చి ఉండరు. ఎవరైనా ఆ పేరు పలికితే చాలు, కారణం తెలిసిపోయినట్టే, ఇక తల్లి ఏం చేసిందో చెప్పడమే మిగిలింది. అత్తమ్మ ఫోన్‌లో బిడ్డ ఎంత బరువుంది అని అడగలేదు, నేనెలా ఉన్నానని అడగలేదు. "నేను చెప్తానే ఉండా. బయటికి పరిగెత్తినావు గదా" అనింది. నమ్మకం లేని మనిషి! చర్చి ఆడవాళ్లు, బడిలో తోటి టీచర్లు, చివరికి మా అమ్మ కూడా వరసగా అడిగారు. ఏమన్నా కోసినావా, సూది పట్టుకున్నావా, గోక్కున్నావా అని. వాంతి చేసుకోవడం వాళ్ల జాబితాలో లేదు గాని, బయటికి రావడం ఉంది. అంతే, సరిపోయింది.

ఆ పిల్లకు పాలు పట్టడం అంటే ఏమిటో తీర్పులిచ్చిన వాళ్లెవరూ వచ్చి చూడలేదు. తాగిన పాలు ముక్కులోంచి వచ్చేవి. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో కొంచెం కొంచెం పోస్తూ, ఒక్కో పూటకు గంటకు పైగా పట్టేది. బరువు పెరగలేదు. చెవుల్లో చీము పట్టేది. లాక్‌డౌన్ వల్ల ఆపరేషన్ వెనక్కి పోతూ పోతూ, చివరికి చెన్నైలో పెదవికి ఒకసారి, నడక వచ్చాక అంగిలికి ఒకసారి చేశారు. తర్వాత నెల్లూరులో మాటలు నేర్పే టీచరమ్మ దగ్గరికి వారం వారం బస్సులో తిరిగాం. అంగిలి కలవని పిల్లలకు 'మ', 'న' సులువుగా వస్తాయి, 'ప', 'బ' రావు. మా పాప పప్పు అనాలంటే మమ్ము అనేది. "చూడు, అమ్మా, నాయనా అని బాగానే అంటా ఉండాది గదా, ఇంకేం కావాల?" అనేది అత్తమ్మ.

చెన్నైలో ఆపరేషన్ చేసిన పెద్దాయన తెలుగు బాగా మాట్లాడేవాడు. గ్రహణంలో బయటికొచ్చాను సార్, అందుకేనా అని నేనే అడిగాను. సైన్సు టీచర్ని, అడిగాను. ఆయన నవ్వలేదు. ఎన్నో నెల అప్పుడు అన్నాడు. ఐదో నెల అన్నాను. "అమ్మా, పెదవి రెండో నెలలో అతుక్కుంటుంది. అంగిలి మూడో నెల ముగిసే లోపు మూసుకుంటుంది. గ్రహణం నాటికి ఆ పని ఎప్పుడో అయిపోయింది" అన్నాడు. మరి ఎందుకు సార్ అంటే, ఒక్క బిడ్డ విషయంలో ఇదీ కారణం అని ఎవరూ చెప్పలేరన్నాడు. వంశంలో ఉండొచ్చు, తల్లికి అందాల్సిన విటమిను మొదట్లో అందకపోవచ్చు, పొగ కావచ్చు, పొలం మందులు కావచ్చు, ఒకటికి ఒకటి కలిసి ఉండొచ్చు అన్నాడు. "ఆ మొదటి రెండు మూడు నెలలు ఎక్కడున్నావు, ఏం చేశావు?" అని అడిగాడు.

నా రెండో నెల అంటే ఆగస్టు దాటి సెప్టెంబరు. వానలకు నిమ్మతోట చిగురేసి, ఆ చిగురుకు పురుగు పట్టి, మా ఆయన వారానికి ఒకసారి మందు కొట్టిన రోజులు. ఆయన చొక్కా, లుంగీ, తలకు చుట్టుకున్న తువ్వాలు మందుతో తడిసి బిగుసుకుపోయి ఉండేవి. ఇంట్లో వాషింగ్ మిషన్ ఉంది. నేను ఆ బట్టలు అందులో వెయ్యబోతే అత్తమ్మ వారించింది. "ఆ మందు బట్టలు మిషన్‌లో వెయ్యబాక. మిషన్ చెడిపోద్ది, మిగతా బట్టలకి వాసన అంటుద్ది" అనింది. మిషన్ చెడిపోతుందని తెలిసింది. బట్టలకు అంటుతుందని తెలిసింది. నా చేతులకు అంటుతుందని మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు, నాకు కూడా. బండ మీద వేసి, సబ్బు పెట్టి, మోచేతుల దాకా నురగలో ముంచి, రెండు నెలలు ఉతికాను. వేవిళ్లు అనుకొని వాంతులు చేసుకున్నాను. ఎవరితో చెప్పుకోవాలి? మూడు నెలలు దాటేదాకా కడుపు సంగతి బయటికి పొక్కకూడదు, దిష్టి తగులుతుంది అని మా వైపు ఒక పద్ధతి. దానికి మాత్రం అన్ని మతాలూ ఒకటే. డాక్టరు దగ్గరికి పోతే నలుగురూ చూస్తారని అప్పటిదాకా పోనివ్వరు. బిడ్డకు ముక్కూమొహం ఏర్పడే నెలల్లో మూతి కట్టేసుకొని, అంతా ఏర్పడిపోయాక లడ్లు పంచుతారు.

చెన్నై నుంచి తిరిగొచ్చాక మా ఆయనతో ఒకసారి ఆ మందు బట్టల సంగతి అన్నాను. "ఏందిమే, మందు కొట్టకపోతే కాయ యాడ నిలబడుద్ది? ఊరంతా కొడతా ఉండారు, ఊరంతా ఇట్టనే పుట్టినారా?" అన్నాడు. పాపను ఒళ్లో వేసుకొనే అన్నాడు. దాన్ని ప్రాణంగా చూసుకుంటాడు, ఆ విషయంలో వంక పెట్టలేను. వాదించలేదు. ఇక నీ మందు బట్టలు నేను ఉతకను అని మాత్రం చెప్పాను. అత్తమ్మ నాలుగు రోజులు మూతి ముడుచుకొని, తర్వాత తనే ఉతికింది. నేను గెలిచాననుకున్నాను.

ఇంకో షరతు కూడా పెట్టాను. గ్రహణం అనే మాట నా కూతురి చెవిన పడితే పిల్లను తీసుకొని ఆత్మకూరు వెళ్లిపోతానని అందరి ముందూ చెప్పాను. నా మీద ఎవరేమనుకున్నా నాకు లెక్కలేదు, ఆ తలకాయల్లో ఏముందో చూశాను కదా. నాకున్న భయం ఒక్కటే. నా మొహం ఇలా ఉండటానికి మా అమ్మే కారణం అని నా బిడ్డ అనుకోకూడదు. ఆరేళ్లూ ఆ మాటను దానికి దూరంగా ఉంచాను. అద్దంలో చూసుకొని పెదవి మీద గీత ఏమిటని అడిగితే, కడుపులో ఉన్నప్పుడే అలా అయింది, డాక్టరు సరిచేశాడు అని చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

పోయిన ఏడాది మా మరిదికి పెళ్లయింది. అమ్మాయిది అనంతసాగరం వైపు, ఇంటర్ చదివింది. వచ్చిన నెలలోనే అత్తమ్మ చెప్పిందల్లా నెత్తిన పెట్టుకోవడం మొదలుపెట్టింది. నేను ఆ పిల్లతో ఉప్పు ఎక్కడుంది, గ్యాసు అయిపోయింది అన్నంత వరకే మాట్లాడేదాన్ని. అంతకంటే ఏం మాట్లాడతాం అనుకున్నాను. ఆమె అత్తమ్మ వెనకాల తలూపుతూ తిరగడం చూసి నాలో నేను నవ్వుకునేదాన్ని.

మొన్న ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక, వరండాలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. పాప ఇప్పుడు ఒకటో తరగతి. వచ్చి నా తొడ మీద చెయ్యి వేసి కూర్చుంది.

"అమ్మా, నువ్వు గ్రహణంలో బయటికొచ్చినావంట గదా, నేను కడుపులో ఉన్నప్పుడు" అనింది.

ఎర్ర పెన్ను పక్కన పెట్టాను. ఎవరు చెప్పారు అన్నాను.

"చిన్నమ్మ." నా మొహం చూసింది. "ఏం పర్లేదులేమ్మా. నాకేం కోపం లేదు. నీకు వాంతి వచ్చింది గదా, నువ్వేం చేస్తావు?"

క్షమించింది. ఆరేళ్ల పిల్ల నన్ను క్షమించింది. ఊళ్లో అందరి తిట్లూ దులిపేసుకున్నదాన్ని, ఆ మాటకు మాత్రం ఏడుపు ఆపుకోలేకపోయాను. దాన్ని ఒళ్లోకి తీసుకొని, దానికి అర్థమయ్యేలా మొత్తం చెప్పాను. నువ్వు చిక్కుడు గింజంత ఉన్నప్పుడే పెదవులు అతుక్కుంటాయి, గ్రహణం ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది, గ్రహణం అంటే నీడ. ఎందుకు అతుక్కోలేదో సరిగ్గా ఎవరికీ తెలియదు. కానీ ఆ రోజుల్లో నాయన మందు చొక్కాలు నేను చేత్తో ఉతికాను, ఆ మందు చిన్న బిడ్డలకు మంచిది కాదు, అది కూడా ఒక కారణం కావచ్చు. నాయనకు తెలియదు, నాకూ తెలియదు.

అది శ్రద్ధగా వింది.

"మరి చిన్నమ్మకి చెప్పినావా?"

ఎందుకు అన్నాను.

"చిన్నమ్మకి కూడా పాప పుడుద్దంట. నాకొక్కదానికే చెప్పింది, ఎవరికీ చెప్పబాకు అనింది. నాలాగా పుడుద్దేమోనని భయపడతా ఉండాది."

చెప్పలేదు. ఈ ఇంట్లో ఆ సంగతి తెలిసి నమ్మినదాన్ని నేనొక్కదాన్నే. ఆ పిల్ల గడప తొక్కిన రోజునే చెప్పాల్సింది, చెప్పలేదు. నేను వదిలించుకున్న చాకిరీ అత్తమ్మ చేతుల నుంచి ఆమె చేతుల్లోకి పోవడం నా కళ్లతో చూశాను. ఇలాంటి వాళ్లకు చెప్పినా ఎక్కదులే అనుకున్నాను.

పేపర్లు అక్కడే వదిలేసి పెరట్లోకి పరిగెత్తాను. ఆమె బండ దగ్గర కూర్చొని, మరిది మందు చొక్కా పరిచి సబ్బు రుద్దుతోంది. నురగ మోచేతుల దాకా ఉంది. నన్ను చూసి బెదిరిపోయి లేచి నిలబడింది.

"అక్కా, పాపకి కావాలని చెప్పలా అక్కా. నోరు జారినాను."

అది కాదు, నీకు ఎన్నో నెల అని అడిగాను.

ఆమె తల దించుకుంది. సిగ్గుపడుతూ చిన్నగా నవ్వింది కూడా.

"నాలుగో నెల పడిందక్కా. మూడు నెలలు గడిచినాయి గదా, ఇంక భయం లేదంట. వచ్చే ఆదివారం అందరికీ చెప్తానన్నారు అత్తమ్మ."

ఆమె చేతిలోంచి చొక్కా లాక్కొని కింద పడేశాను. ఆమె ఇంకా నవ్వు మొహంతోనే చూస్తోంది.

"ముందు చేతులు కడుక్కో" అన్నాను.